కత్తిరించి పారేసిన ముఖం

1958లో నేను జహీరాబాదులో ఫోటో స్టూడియో పెట్టాను. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. గంజ్ అనే ధాన్యం బజారు వెనక ఒక రేకుల గది. ఉత్తరం వైపు రెండు రేకులు తీసేసి అక్కడ గాజు పలకలు వేయించాను, వెలుగంతా అక్కణ్ణుంచే రావాలి. గోడకు ఒక తెర, దాని మీద నేనే వేసిన పాలరాతి మెట్లు, పూలకుండీ. మబ్బు పడితే ఆ పూట బేరం లేనట్టే. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, నోటి దురుసు బాగా ఎక్కువ. కెమెరా ముందు కూర్చున్నవాళ్ళ మీద "కదలకు! కదలకన్ననా!" అని అరిచేవాణ్ణి. ఊళ్ళో నా వెనకాల "కదలకు మాస్టర్" అని పిలుచుకునేవాళ్ళని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ముప్పయ్యేళ్ళకు పైగా అదే పని చేశాను. పెళ్ళిళ్ళు, బారసాలలు, బడి గ్రూపులు, శవాలు, అన్నీ తీశాను. నీ పనిలో మరిచిపోలేనిదేదని ఎవరైనా అడిగితే బాగా వచ్చిన ఫోటోలేవీ గుర్తుకురావు. గురుపాదప్పగారి సంగతే గుర్తొస్తుంది. దాన్ని చెప్పుకోవడం నాకేమీ సంతోషం కాదు. కాని ఆయన్ని ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, ఇప్పుడన్నా చెప్పాలి.

గురుపాదప్పగారు ఊళ్ళోని సహకార బ్యాంకుకు అధ్యక్షుడు. జనం ఆయన్ని "బ్యాంకు అప్ప" అనేవాళ్ళు. మా వైపు లింగాయతుల ఇళ్ళలో పెద్దవాళ్ళను అప్ప అనడం మామూలే, కాని ఆయన్ని సాయబులూ, కిరస్తానీలూ కూడా అప్పా అనే పిలిచేవాళ్ళు. బ్యాంకంటే మొదట్లో ఒక అద్దె గది, ఒక ఇనుప బీరువా, రెండు బల్లలు. వడ్డీకిచ్చేవాళ్ళ చేతుల్లో నలిగిపోతున్న రైతులను ఒక్కొక్కరినే పిలిచి, కూర్చోబెట్టి, నచ్చజెప్పి సభ్యులుగా చేర్చారు. పట్టణ సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. పొద్దున్నే చేతికర్ర పట్టుకుని బయలుదేరి, ఏ వీధిలో నల్లా రావడం లేదు, ఏ దీపం వెలగడం లేదు అని తిరిగి చూసుకునేవారు. బ్యాంకు మీది గదికి పత్రికలు తెప్పించి, చదువు రానివాళ్ళ కోసం సాయంత్రాలు ఆయనే బిగ్గరగా చదివేవారు. ఆయన తెలుగులో కన్నడం, మరాఠీ కలిసిపోయి ఉండేవి. మాకు నవ్వొచ్చేది. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. ముందుగాల ఇనుండ్రి, గటెనక నవ్వుండ్రి" అనేవారు.

నా కెమెరాకు అప్పిచ్చింది కూడా ఆ బ్యాంకే. పూచీ ఎవరని గుమాస్తా అడిగితే, "పోరడు ఒర్లుతడు గని అబద్ధమాడడు. నేనే పూచీ, రాసుకో" అన్నారట. అరుస్తాడన్నందుకు నాకు కోపం కూడా వచ్చింది.

మరుసటి ఏడాది ఝరాసంగం దగ్గరి ఒక పల్లె నుంచి సాయమ్మ అనే ఆవిడ ఏడ్చుకుంటూ బ్యాంకుకు వచ్చింది. మొగుడు పోయిన మనిషి, రెండెకరాల జొన్నచేను, ఒక బర్రె. ఆమె తీసుకోని అప్పుకు బర్రెను జప్తు చేస్తామని కాగితం వెళ్ళింది. పత్రం మీద పేరు ఆమెదే, పేరు కింద వేలిముద్ర ఉంది. అప్పగారు ఆమె బొటనవేలు పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశారు. కొడవలికి తెగిన పాత గాటు వేలికి అడ్డంగా ఉంది. పత్రం మీది ముద్రలో గాటు లేదు. ఆ ఊరి పెద్దమనిషి ఒకడు ఇంకెవరి వేలో పెట్టించి ఆ సొమ్ము మింగేశాడు. అప్పగారు అక్కడికక్కడే జప్తు ఆపించి, మింగినవాడి చేతే కక్కించారు. అంతటితో ఊరుకోకుండా మర్నాడు నా గదికి నడిచి వచ్చారు.

"బాల్‌రాజ్, మా మెంబర్లందరి ఫోటోలు తియ్యాలె. ఒకటి బ్యాంకుల కార్డు మీద, ఒకటి వాళ్ళ పాస్‌బుక్కుల. మొఖం కనపడితే ఇంకొకడు దొంగవేలు పెట్టలేడు గద?"

"అంతమందియా అప్పగారూ? ప్లేట్లు ఎంత పిరమో ఎరుకేనా?"

"ఎరుకే. అందుకే నీ తాన్కి వచ్చిన. పేదోళ్ళ పైసలు, ఏదన్న ఉపాయం సూడు."

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. అప్పట్లో నా కెమెరాలో ఫిల్ము ఉండేది కాదు. హాఫ్ ప్లేట్ అని, పోస్టుకార్డు కంటే కొంచెం పెద్ద గాజు పలక, దాని మీద మందు పూత. బొమ్మ దాని మీదే పడుతుంది, అదే నెగెటివ్. ఆ పలకను ఫోటో కాగితానికి ఆనించి వెలుగు చూపిస్తే సరిగ్గా అంతే సైజులో ప్రింటు వస్తుంది. దాన్ని కాంటాక్ట్ ప్రింట్ అంటాం. నేను చేసిన ఉపాయమేమిటంటే, బెంచీ మీద నలుగురిని వరసగా కూర్చోబెట్టి ఒకే ప్లేటు మీద తీసి, ప్రింటును నిలువునా నాలుగు ముక్కలు చేయడం. ఒకరి ఖర్చుతో నలుగురు. అప్పగారు నా భుజం తట్టారు. నేనూ పొంగిపోయాను.

కాని మొదటి సంత రోజు వచ్చినవాళ్ళెవరూ బెంచీ మీద నిలవలేదు. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక్కి వెళ్ళానో లేదో, ముందు కూర్చున్న సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి తలుపు దగ్గరికి పోయింది. ఆమె వెనక మిగతా ముగ్గురూ. ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని పల్లెల్లో గట్టి నమ్మకం. నేను అరిచాను. అరిచేసరికి వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా నాలుగడుగులు వెనక్కి వేశారు.

అప్పగారు తలరుమాలు సర్దుకుని వచ్చి బెంచీ చివర కూర్చున్నారు.

"రా సాయవ్వా. ఏమైతది? నేను గూడ దిగుత. పోతే అందరం కల్సే పోదం."

"నీకేంది అప్పా, నీది పెద్ద జన్మం" అని ఆమె గొణిగింది. అయినా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఫోటో పడింది. వాకిట్లో వాళ్ళకు ధైర్యం వచ్చింది, కాని అప్పగారు లేవబోతే మాత్రం వాళ్ళూ లేచేవాళ్ళు.

అప్పటినుంచి అదే పద్ధతి. సంత రోజు బ్యాంకు పని కాగానే ఆయన వచ్చి బెంచీ చివర కూర్చునేవారు, ఆయన పక్కన ముగ్గురు మెంబర్లు. నాకది నచ్చేది కాదు. ఒకసారి అనేశాను కూడా: "అప్పగారూ, మీరు కూసుంటే ప్లేటు మీద ఒక మనిషి జాగ దండుగైతున్నది."

"నేను లేస్తే ముగ్గురు మనుషులు దండుగైతరు. తియ్యి తియ్యి."

ఝరాసంగం వైపు నుంచి, న్యాల్‌కల్ వైపు నుంచి, చిరాగ్‌పల్లి నుంచి జనం వచ్చారు. ఐదేళ్ళు ఆ పని సాగింది. ఎన్ని ప్లేట్లు తీశానో లెక్కపెట్టలేదు. ప్రతి ప్రింటులోనూ కుడి చివర అప్పగారు ఉండేవారు. ప్రతి ప్రింటునూ నేను నాలుగు ముక్కలు చేసేవాణ్ణి. మూడు ముక్కలు బ్యాంకుకు పోయేవి. నాలుగో ముక్క బల్ల కింద పడేది. సాయంత్రం గది ఊడ్చి, ఆ ముక్కలతోనే పొయ్యి రాజేసుకుని చాయ్ పెట్టుకునేవాణ్ణి. రాయడానికే చెయ్యి రావడం లేదు కాని, జరిగింది అదే.

ఇక నెగెటివ్‌లు. నాకు పని నేర్పిన ఉస్తాదు సికింద్రాబాదులో ఒక మాట చెప్పాడు: మళ్ళీ ఎవరూ అడగని ప్లేటును దాచుకోవడం దండుగ. వేడినీళ్ళలో సోడా వేసి నానబెడితే మందుపూత తోలులా ఊడి వస్తుంది. మిగిలిన గాజును పటాలు కట్టేవాడికి అమ్ముకోవచ్చు. చిన్న ఊళ్ళ స్టూడియోల్లో అందరూ చేసే పనే అది. మెంబర్ల ఫోటోలు రెండేసి ప్రింట్లు ఇచ్చాక మళ్ళీ ఎవరూ అడిగేది లేదు. అందుకని నెలకోసారి బకెట్ నిండా ప్లేట్లు నానేసి, బ్రష్‌తో రుద్ది, ఎండలో ఆరబెట్టేవాణ్ణి. ఎవరెవరివో ముఖాలు నీళ్ళలో నల్లగా తేలి, కాలువలో కలిసిపోయేవి.

ఒకసారి మాత్రం అప్పగారిని అడిగాను, "ఒక్కటి మీదొక్కరిదే తీస్తనప్పా" అని. ఆయన నవ్వి, "నా మొఖం సూడనోడు ఈ ఊర్ల ఎవడున్నడయ్యా, తీసి ఎవరికి సూపిస్తవ్?" అన్నారు. ప్లేటు మిగిలిందని నేనూ ఊరుకున్నాను.

1964 చలికాలంలో ఒక పొద్దున, వీధి నల్లా దగ్గర నిలబడి నీళ్ళ మనిషితో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన అలాగే కూలబడ్డారు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. యాభై ఎనిమిదేళ్ళు. ఆ రోజు గంజ్ తెరవలేదు. ఎవరూ చెప్పకుండానే దుకాణాలన్నీ మూసేశారు.

ఫోటో తీయమని నాకు కబురొచ్చింది. లింగాయతుల్లో పోయినవారిని పడుకోబెట్టరు, కూర్చోబెడతారు, అలాగే సమాధి చేస్తారు. అప్పగారిని గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నుదుట విభూతి, మెడలో బంతిపూల దండ, తెల్ల రుమాలు. కళ్ళు మూసుకుని ఏదో వింటున్నట్టే ఉన్నారు. నేను స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, వెనక అద్దంలో చూశాను. ఆ అద్దంలో మనిషి తలకిందులుగా కనబడతాడు. ఐదేళ్ళపాటు ఆ అంచున ఆయన్ని అలాగే తలకిందులుగా చూశాను. అలవాటు చొప్పున "కదలకు" అనే మాట నోటి దాకా వచ్చింది. గుడ్డలోపలే ఏడ్చేశాను.

మూడో రోజు బ్యాంకు మేనేజరు వచ్చాడు. "పదకొండో రోజు సంతాప సభ పెడుతున్నం. హాల్ల పెద్ద పటం కట్టాలె. ఆయన ఫోటో ఏదన్న ఇయ్యి."

"నా తాన లేదు సార్."

"లేకపోవుడేంది? అయిదేండ్లు నీ బెంచీ మీదనే కూసుండె గద?"

కాగితాలు వెతుకుతున్నట్టు నటించాను. లేదు, పోయినయ్ అని సణిగాను. అప్పగారి ఇంట్లోనూ ఏమీ లేదట. వాళ్ళ పెళ్ళికాలానికి ఈ ఊళ్ళో కెమెరానే లేదు. పెద్దవాళ్ళెవరో వచ్చినప్పుడు పట్నం ఫోటోగ్రాఫరు తీసిన గ్రూపు ఒకటి బ్యాంకులో దొరికింది. అందులో అప్పగారు సరిగ్గా ఆ క్షణంలోనే ఎవరినో కుర్చీ తెమ్మని వెనక్కి తిరిగినట్టున్నారు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక ఉంది.

"అయితే పోయినంక తీసిన ఫోటోనే పెద్దగ చెయ్యి. కండ్లు తెరిచినట్టు ఉండాలె. సభల మూసిన కండ్లతోటి పెట్టలేం" అన్నాడు మేనేజరు.

అది మా పనిలో లేనిది కాదు. రీటచింగ్ అంటాం, సన్నటి కుంచెతో, పెన్సిలుతో బొమ్మను దిద్దడం. మూసిన కళ్ళ మీద తెరిచిన కళ్ళు గీసి అంతకుముందు చాలామందికి ఇచ్చాను. పెద్ద ప్రింటు చేయించి తెచ్చి, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. కుంచె ఆడలేదు. ఆయన కళ్ళెలా ఉండేవో నాకు గుర్తుకు రాలేదు. వెలుగు సరిపోయిందా, రుమాలు నీడ పడుతున్నదా, పక్కవాళ్ళు కదులుతున్నారా అని చూశానే తప్ప, ఐదేళ్ళలో ఆయన ముఖాన్ని ముఖంలా ఒక్కసారీ చూడలేదు. రెండు రోజులు అలాగే పోయాయి. మూడో రోజు స్టూడియో అద్దం తెచ్చి ఎదురుగా పెట్టుకుని, అందులో చూస్తూ కళ్ళు గీశాను. బాగా కుదిరాయి. మేనేజరు చూసి, "అచ్చం అప్పనే కూసున్నట్టుంది" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంట్లో అవ్వకు కూడా చూపించి రమ్మన్నాడు.

నీలమ్మవ్వ, అంటే అప్పగారి భార్య, నడింట్లో చాప మీద కూర్చుని ఉంది. పిల్లలు లేని ఇల్లు. పటాన్ని గోడకు ఆనించి పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. మళ్ళీ పటం చూసింది.

"బాల్‌రాజూ, ఇవి నీ కండ్లు గదరా?"

నేను చూపు పటం మీదికి తిప్పుకున్నాను.

"అందరు మురుస్తరేమో, మురవనీ. ముప్పై అయిదేండ్లు ఆ కండ్లు సూసినదాన్ని, నాకు ఎరుకలేదా? దీన్ని బ్యాంకుకే కొండబో. నాకు ఆయన బతికున్నప్పటిది ఒక్కటి ఇయ్యి. చిన్నదైన మంచిదే. పోయినేడు అడిగిన, ఇద్దరం కల్సి ఒకటి దిగుదమా అని. ఊరోళ్ళందరు దిగనీ, ఆఖరుకు మనం దిగుదం అన్నడు."

అప్పటికి ఐదారు రోజులుగా నోట్లో దాచుకున్న మాట ఆమె ముందు ఆగలేదు. అంతా చెప్పేశాను. బెంచీ చివర ఆయన కూర్చోవడం, నేను ప్రతిసారీ ఆ ముక్క కత్తిరించి పారేయడం, పొయ్యిలో వేయడం, ప్లేట్లు కడిగి గాజు అమ్ముకోవడం. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఎంతకు అమ్మినవ్?"

"డజనుకు పన్నెండణాలు, అవ్వా."

ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. తిట్టలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని, "ఒక్కటన్న ఎక్కడన్న ఉంటది, సూడు కొడుకా" అంది. వెతుకుతానని చెప్పి బయటపడ్డాను.

గదిలో ప్రతి పెట్టే తిరగేశాను. పటాలు కట్టేవాడి దుకాణానికి పోయి, ఇంకా వాడని గాజులన్నీ ఒక్కొక్కటే ఎండకు పెట్టి చూశాను, ఎక్కడైనా పూత మిగిలిందేమోనని. ఒక్కదాని మీదా ఏమీ లేదు. అంత బాగా రుద్దాను. తర్వాత బ్యాంకుకు పోయి కార్డుల సొరుగులు తీయించుకుని కూర్చున్నాను. కుడిపక్క ఆయన ఆనుకుని కూర్చున్న మెంబర్ల ఫోటోల్లో అంచున ఏమైనా మిగిలిందేమో అని నా ఆశ. చెవి గాని, రుమాలు కొస గాని, ఏదైనా సరే. కాని నేను కత్తిరింపులో మంచి పనివాణ్ణి. గీత గీసినట్టు తెగి ఉన్నాయి అన్నీ. నా పనితనం చూసి నాకే ఏడుపొచ్చింది.

మొదటి రోజు తీసిన సాయమ్మ కార్డు దగ్గర మాత్రం ఆగిపోయాను. ఫోటో కుడి అంచున ఆమె భుజం మీద తెల్ల రంగు పూసి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె వణుకుతుంటే అప్పగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి తెగేలా కోస్తే ఆమె భుజమూ పోతుంది, అందుకని వదిలేశాను. కార్డు మీద ఇంకొకరి చెయ్యి ఉండకూడదని మేనేజరు అంటే, రంగుతో కప్పేశాను. నీళ్ళలో ముంచిన దూదితో మెల్లగా తుడిచాను. ఐదేళ్ళ నాటి రంగు, దానితోపాటు కింది బొమ్మ కూడా పొరలా లేచి దూదికి అంటుకుంది. ఆ ఒక్కటీ నా చేతిలోనే పోయింది.

ఇక మిగిలింది సాయమ్మ దగ్గరున్న పాస్‌బుక్కు. దాని మీద ఫోటోకు రంగు పూశానో లేదో జ్ఞాపకం లేదు. మర్నాడే సైకిల్ మీద ఆమె ఊరికి పోయాను. చేనులో కందికట్టెలు కోస్తున్నది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ఫోటో మాస్టర్‌వు గద? అయ్య పోయిండంట గదా." కొడవలి గట్టు మీద పెట్టి కూలబడింది. "మా అందరి కోసం అన్నిసార్లు దిగిండు. ఒక్కసారి దిగితెనే ఆయుస్సు తగ్గుతదాయె. ఎన్నిసార్లు దిగిండో. అట్లనే అరిగిపోయిండు అయ్య."

"గట్లేం ఉండదవ్వా."

"నీకేం ఎరుక?" అంది విసురుగా. నాకు నిజంగానే ఏమీ ఎరుక లేదు.

పాస్‌బుక్కు సంగతి చెప్పాను. ఆమె గుడిసెలోకి పోయి, బట్టలో చుట్టిన పాస్‌బుక్కు తెచ్చింది. మొదటి పేజీలో ఫోటో ఉంది. రంగు లేదు. ఆమె భుజం మీద చెయ్యి, మణికట్టు దాకా, స్పష్టంగా ఉంది. ఆ పైన నా కత్తెర గీత. చేయి చాపితే ఆమె పుస్తకం వెనక్కి లాక్కుంది.

"ఇయ్య. నేనే తీస్కొస్త. అవ్వకు నేనే సూపిస్త."

మాట ప్రకారం సభకు ముందు రోజు వచ్చింది. ఇద్దరం నీలమ్మవ్వ ఇంటికి పోయాం. సాయమ్మ గడప లోపలికి రానంటే నీలమ్మవ్వ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టుకుంది. పాస్‌బుక్కు తెరిచి, కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. వేలితో ఆ బొమ్మ మీద మెల్లగా తడిమింది.

"ఇగో, ఈ ఏలు సూడు, వంకరున్నది. బ్యాంకు పెట్టిన కొత్తల బీరువా తలుపుల పడి నలిగింది. నెల దినాలు నేనే అన్నం కలిపి తినిపించిన." పుస్తకం నా వైపు తిప్పింది. "మొఖమేది?" అని నన్నడిగింది. తెలియక అడగలేదు, నా నోటితో ఇంకోసారి వినాలని అడిగినట్టుంది.

"నేనే కోసి పారేసిన, అవ్వా."

"ఊఁ" అంది. అంతే.

సాయమ్మ కళ్ళొత్తుకుంటూ, "నేను బెదిరితె ఏసిండవ్వా ఆ చెయ్యి. లేకుంటె ఎందుకేస్తడు?" అంది. నీలమ్మవ్వ ఆమె భుజం వైపు చూసింది. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వాళ్ళ మధ్య నాకు జాగా లేదు, ఉండాలని అనిపించలేదు కూడా.

కాపీయింగ్ అని మరో పని ఉంది మాకు. నెగెటివ్ లేనప్పుడు ప్రింటునే మళ్ళీ ఫోటో తీసి పెద్దది చేయడం. దాని గురించి చెప్పి, నాకు తోచిన మేలు చేద్దామని అన్నాను: "అవ్వా, చెయ్యి మటుకు కోసి, పెద్దగ చేసి ఇస్త. మంచిగ కనపడుతది."

నీలమ్మవ్వ తలెత్తింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆమెకు కోపం వచ్చింది.

"ఇప్పుడు ఈమెను కోస్తవా? ఇంక బుద్ధి రాలేదా నీకు? ఆమె లేకుంటె ఆ చెయ్యి ఎవరి మీదున్నట్టు? ఇద్దర్నీ ఉంచు. ఏదీ కోయకు."

అలాగే తీశాను. రెండు కాపీలు చేసి ఒకటి ఆమెకు, ఒకటి సాయమ్మకు ఇచ్చాను. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. అది నా గొప్పతనం అనుకోకండి, తీసుకునే ముఖం లేదు.

మర్నాడు సంతాప సభ జరిగింది. హాలు పట్టనంతమంది వచ్చారు. పటానికి దండలు వేశారు, చాలామంది మాట్లాడారు. ఆయన తెచ్చిన నల్లాల గురించి, పత్రికల గది గురించి, ఎవరి చేనును ఎలా నిలబెట్టారో దాని గురించి చెప్పుకుని ఏడ్చారు. అన్నీ నిజాలే. వాళ్ళంతా చేతులు జోడించి చూస్తున్న కళ్ళు మాత్రం నావి. ఎవరైనా కనిపెడతారేమోనని నేను తల ఎత్తలేదు. ఎవరూ కనిపెట్టలేదు. ఆ పటం చాలా ఏళ్ళు అక్కడే ఉంది. అప్పు కోసమో, డిపాజిట్ కోసమో బ్యాంకుకు పోయినప్పుడల్లా దానికి వీపు చేసి నిలబడేవాణ్ణి.

ఆ తర్వాత నేను ఒక్క ప్లేటూ కడగలేదు. ప్లేట్లు పోయి ఫిల్ములొచ్చాయి, వాటినీ పారేయలేదు. ఇంట్లో మంచం కింద, అటక మీద, బియ్యం డబ్బాల వెనక అన్నీ పెట్టెలే. మా ఆవిడ తిట్టని రోజు లేదు. ఎవరిదో పెళ్ళి, ఎవరిదో బడి గ్రూపు, పేరూ తేదీ రాసి దాచాను. పిల్లాడు పోయాడనో, తల్లి పోయిందనో ఎవరైనా వచ్చి, ఎప్పుడో మీ దగ్గర దిగాం ఒక ఫోటో అని అడిగితే రోజంతా వెతికి తీసి ఇస్తాను. వాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని ఏడుస్తారు, నాకు దండం పెడతారు. మా పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ ముందు కూర్చున్న మనిషిని, కాగితం మీద అక్కర్లేని అంచుననే కూర్చున్నా సరే, ఒక్కసారి నల్లగుడ్డ తీసి నేరుగా చూడండి. తీసింది పారేయకండి.

నీలమ్మవ్వ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. పండక్కో, ఊరికేనో నేను వాళ్ళింటికి పోయేవాణ్ణి. ఆమె చాయ్ ఇచ్చేది, పిల్లలెట్లున్నరని అడిగేది, నవ్వేది కూడా. కాని లేచి వచ్చేటప్పుడు ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి, "ఏమన్న దొరికిందారా?" అని అడిగేది. ఆమె పోయేదాకా ప్రతిసారీ నేను "ఇంక దొరకలేదవ్వా, సూస్తున్న" అనేవాణ్ణి.